ఐపీఏ టిన్ను బెజవాడ ఎండలో ఎన్నాళ్లు ఆగుతుంది?

బీరు టిన్ను మీద 6 నెలల గడువు ఉంటుంది. షాపతను ఫ్రిజ్‌లోంచి తీసిస్తే చేతికి చల్లగా తగులుతుంది. ఇంకేం కావాలి అనిపిస్తుంది. మామూలు లాగర్ అయితే నిజంగానే ఇంకేం అక్కర్లేదు. కానీ మీరు కొన్నది ఐపీఏనో (ఇండియా పేల్ ఏల్), పేల్ ఏలో, చేదూ వాసనా ఇచ్చే హాప్స్ అనే పూలు దండిగా పడిన మరో రకమో అయితే ఆ 6 నెలల మాట నమ్మి కూర్చోకండి. గడువులోపల తాగితే బీరు పులిసిపోయి ఉండదు, అంతవరకే ఆ గడువు ఇచ్చే హామీ. రుచి సంగతి దానికి పట్టదు.

ఈ రకాలకి మామూలు బీరు కన్నా ఎక్కువ పెట్టి కొనేది హాప్స్ వాసన కోసమే. ముందుగా పోయేదీ ఆ వాసనే. అందులోనూ మార్చి దాటాక బెజవాడలో, గుంటూరులో అది ఎంత త్వరగా పోతుందో లేబుల్ రాసినవాడు లెక్కలోకి తీసుకోడు. కాబట్టి ఆ లెక్క మనమే వేసుకోవాలి. డేటు ఎంత ముఖ్యమో, ఆ టిన్ను ఎన్ని రోజులు ఎంత వేడిలో గడిపిందన్నది అంతకన్నా ముఖ్యం. (21 ఏళ్లు నిండనివాళ్లకి మన రాష్ట్రంలో అమ్మరు, ఈ గోలంతా ఆ వయసు దాటినవాళ్ల కోసమే.)

ముందు రకం చూసుకోండి

హాప్స్ అనేవి ఒక తీగకు కాసే ఆకుపచ్చ పూగుత్తులు. రేకులు విప్పితే అడుగున జిగటగా పసుప్పచ్చటి పొడి కనిపిస్తుంది. దాన్ని లుపులిన్ అంటారు. చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాలు, వాసననిచ్చే నూనెలు రెండూ అందులోనే ఉంటాయి. బీరు మరిగేటప్పుడు హాప్స్ వేస్తే చేదు దిగుతుంది, నూనెలు చాలావరకు ఆవిరితో పోతాయి. వాసన కావాలంటే బీరు చల్లారి పులిశాక మళ్లీ వేయాలి. దీనికే డ్రై హాపింగ్ అని పేరు. చేదు మొండిది, నెలల తరబడి పెద్దగా తగ్గదు. వాసన అలా కాదు. కొన్ని నూనెలు ఆక్సిజన్ తగిలి వేరే పదార్థాలుగా మారిపోతాయి. మిర్సీన్ వంటివాటిని సీసా మూతలోని ప్లాస్టిక్ పొర కూడా కొంత పీల్చేసుకుంటుంది. కాబట్టి ఏ బీరు వాసన మీద ఎక్కువ ఆధారపడిందో ఆ బీరు ముందు తాగెయ్యాలి.

బ్రూవరీలో, అంటే బీరు తయారుచేసేచోట, నింపిన రోజు నుంచి మీ గ్లాసులో పడేదాకా చల్లగానే ఉందనుకుని చెబుతున్నాను. హేజీ ఐపీఏ, అంటే ఓట్స్, గోధుమ వేసి మబ్బుగా చేసే న్యూ ఇంగ్లండ్ రకం, మొదటి 6 వారాల్లో తాగాలి. రెండో నెల దాటితే వాసన సగమవుతుంది, మూడో నెల దాటితే కొనొద్దు. రంగు తేటగా ఉండి చేదు ముందుండే వెస్ట్ కోస్ట్ ఐపీఏ 2 నెలలు బ్రహ్మాండంగా ఉంటుంది, మూడో నెలలో ఫర్వాలేదనిపిస్తుంది. పేల్ ఏల్ కూడా దాదాపు అంతే. హాప్స్ ఎక్కువ వేసిన పిల్స్‌నర్ (ఒక రకం లాగర్) ఇంకో నెల ఎక్కువ ఆగుతుంది.

డబుల్ ఐపీఏ దగ్గరే చాలామంది పొరపడతారు. 8 శాతం ఆల్కహాల్ ఉంది కదా, నిలవ ఉంటుందనుకుంటారు. బీరు ఉంటుంది, హాప్స్ ఉండవు. వాసన పోయాక మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) తీపి, ఆల్కహాల్ మంట పైకి తేలి, తాగుతుంటే చేదు కలిపిన పాకం తాగుతున్నట్టు ఉంటుంది. ఏళ్ల తరబడి దాచుకునే బీర్లూ ఉన్నాయి. ఇంపీరియల్ స్టౌట్, బార్లీ వైన్ అలాంటివి. వాటి సంగతి వేరు, వాటిని చూసి ఐపీఏని దాచకండి.

తయారుచేసేవాళ్లే ఈ విషయంలో కచ్చితంగా ఉంటారు. కాలిఫోర్నియాలోని రష్యన్ రివర్ బ్రూవరీ తన ప్లైనీ ది ఎల్డర్ సీసా మీద చల్లగా ఉంచండి, తాజాగా తాగండి, దాచకండి అని లేబుల్ నిండా రాస్తుంది. స్టోన్ అనే మరో కాలిఫోర్నియా బ్రూవరీ 2012లో ఎంజాయ్ బై అని ఒక ఐపీఏ తెచ్చి, ఫలానా తేదీలోపు తాగమనే మాటనే దానికి పేరుగా పెట్టేసింది. ఆ గడువు దాదాపు 5 వారాలు.

అలాగని నిన్న నింపిన టిన్నే అన్నిటికన్నా గొప్పదనుకోవద్దు. హేజీ రకం మరీ కొత్తగా ఉన్నప్పుడు హాప్స్ నలుసులు ఇంకా అడుక్కి దిగి ఉండవు. మింగాక గొంతు వెనక గరగరమంటుంది, పచ్చి ఆకు నమిలిన రుచి తగులుతుంది. ఫ్రిజ్‌లో వారం పది రోజులు కదపకుండా ఉంచితే అదే సర్దుకుంటుంది. ఆ తర్వాతి నెల రోజులే దాని మంచి కాలం.

డేటు ఎక్కడుందో వెతకండి

టిన్నయితే తిరగేసి అడుగు చూడండి. సీసా అయితే లేబుల్ అంచున గానీ మెడ దగ్గర గానీ ఉంటుంది. మన దేశంలో నింపినవాటి మీద తయారీ తేదీ ఉంటుంది కాబట్టి తంటా లేదు. ఐసు నీళ్లలో నానిన టిన్నుల మీద మాత్రం సిరా చెరిగిపోయి సగం అంకెలే మిగులుతాయి. తేదీ కనబడని టిన్ను తీసుకోకండి, అంతే.

విదేశీ సరుకు దగ్గర కాస్త బుర్ర పెట్టాలి. కొన్నిటి మీద తయారీ తేదీ ఉండదు, ఎప్పటిలోపు తాగాలో మాత్రమే ఉంటుంది. ఆ గడువు 9 నెలలో, ఏడాదో పెట్టి ఉంటారు. కాబట్టి ఇంకా 3 నెలలు టైముందని సంబరపడితే అప్పటికే ఆ బీరుకి 6 నెలలో 9 నెలలో నిండి ఉంటాయి. అమెరికా టిన్నుల మీద నెల ముందు, రోజు తర్వాత వస్తుంది. 04/05 అంటే ఏప్రిల్ 5, మే 4 కాదు. కొన్నిటి మీద మూడంకెల కోడ్ ఉంటుంది. అది ఏడాదిలో ఎన్నో రోజో చెబుతుంది. 074 అంటే 74వ రోజు, మార్చి 15.

ఓడ మీద, కంటైనర్‌లో, నడివేసవిలో రేవు దాటి వచ్చిన ఐపీఏని అంత ధర పెట్టి కొనడం నాకు మాత్రం దండగ అనిపిస్తుంది. వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఐపీఏ పేరులోని ఇండియా మనమే. 18వ శతాబ్దం చివరి నుంచి లండన్‌లోని హాడ్జ్‌సన్ బ్రూవరీ వంటివి ఇక్కడి తెల్లవాళ్ల కోసం పేల్ ఏల్ పీపాలు ఓడల్లో పంపేవి. మద్రాసు, కలకత్తా చేరడానికి నెలలు పట్టేది. ఆ ప్రయాణం తట్టుకున్న బీరు ఇప్పుడు రెండు నెలలు ఆగదంటారేమిటని అడగొచ్చు. అప్పటి బీరులో హాప్స్ పని చేదు ఇవ్వడం, బ్యాక్టీరియాని ఆపడం. అది పాతబడే కొద్దీ కుదురుకునేలా చేసిన బీరు. ఇప్పటి ఐపీఏలు సిట్రా, మొజాయిక్ అనే అమెరికన్ హాప్స్ ఇచ్చే పళ్ల వాసన చుట్టూ అల్లినవి. సిట్రా మార్కెట్‌కి వచ్చి 20 ఏళ్లు కూడా కాలేదు. పేరు ఒకటే గానీ తాగేది ఒకటి కాదు.

ఇప్పుడు వేడి లెక్క

బీరు వ్యాపారంలో 3-30-300 అని ఒక మోటు సూత్రం చెబుతారు. 32 డిగ్రీల్లో 3 రోజులు, 22 డిగ్రీల్లో 30 రోజులు, 3 డిగ్రీల్లో 300 రోజులు ఉంచితే బీరుకి జరిగే నష్టం ఒకటేనని దాని అర్థం. ఈ సూత్రం కొంచెం భయపెట్టడానికే పుట్టిందని నా అనుమానం. రసాయన చర్యలు మామూలుగా 10 డిగ్రీలు పెరిగితే రెండు మూడు రెట్లు వేగం అందుకుంటాయి, పది రెట్లు కాదు. కాబట్టి మెత్తటి లెక్కే వేద్దాం. 10 డిగ్రీలకి రెండున్నర రెట్లు అనుకోండి. ఫ్రిజ్ 4 డిగ్రీలు, షాపు వెనక గది 34 డిగ్రీలు. తేడా 30. రెండున్నరని మూడుసార్లు హెచ్చిస్తే 15 దాటుతుంది. అంటే ఆ గదిలో ఒక్క రోజు, ఫ్రిజ్‌లో రెండు వారాలకి సమానం.

ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు. వేసవిలో బయట ఒక రోజంటే ఫ్రిజ్‌లో రెండు వారాలు.

లెక్క పెట్టి చూడండి. మార్చి 10న నింపిన టిన్ను ఏప్రిల్ 25న మీ చేతికొచ్చింది. 46 రోజులు, వెస్ట్ కోస్ట్ రకానికి మంచి వయసే. కానీ అందులో 10 రోజులు షాపు వెనక రేకుల షెడ్డు కింద కేసులో గడిచాయనుకోండి. ఆ 10 రోజులే 140 రోజుల పెట్టు. మిగతా 36 రోజులూ చల్లగానే ఉన్నా మొత్తం 6 నెలలకి దగ్గర. డేటు ప్రకారం కుర్రది, గ్లాసులో పోస్తే ముసలిది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, షెడ్డులో 40 దాటితే లెక్క ఇంకా దారుణంగా ఉంటుంది.

గుంటూరు వాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. యార్డుకొచ్చిన మిర్చి ధర లేదని వెంటనే కోల్డ్ స్టోరేజీలో పెడితే నెలల తర్వాత కూడా ఎర్రగా, ఘాటుగా బయటికొస్తుంది. యార్డులో ఏసీ కాయలకి ఒక రేటు, నాన్ ఏసీ కాయలకి ఒక రేటు పలికేది అందుకే. అదే బస్తా ఇంటి వసారాలో ఉంచితే కారం మిగిలినా రంగు తెల్లబారుతుంది. హాప్స్‌లో చేదు ఆ కారం వంటిది, వాసన ఆ రంగు వంటిది. ఐపీఏ నాన్ ఏసీ సరుకు కాదు, ఎవరెన్ని చెప్పినా.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కొంచెం ఊపిరి పీల్చుకోవచ్చు. రాత్రుళ్లు 20 డిగ్రీల దాకా దిగుతుంది కాబట్టి బయటున్న కేసుకి కూడా అంత నష్టం ఉండదు. కొత్త రకాలు ప్రయత్నించాలంటే సంక్రాంతి ముందూ వెనకా ప్రయత్నించండి. ఏప్రిల్, మే, జూన్‌లలో మీకు నమ్మకమున్న షాపు తప్ప ఇంకెక్కడా హాప్స్ బీరు జోలికి పోవద్దు. ఆ మూడు నెలలూ బాగా అమ్ముడుపోయే మామూలు లాగర్ తాగడం తెలివైన పని. నాలుగు రోజుల క్రితం దిగిన లాగర్, నాలుగు నెలలు మగ్గిన ఐపీఏ కన్నా ఎప్పుడైనా మేలే.

షాపులో ఏం అడగాలి

మన దగ్గర బీరు బ్రూవరీ నుంచి నేరుగా షాపుకి రాదు. ముందు రాష్ట్ర బెవరేజెస్ కార్పొరేషన్ డిపోకి వస్తుంది, అక్కడి నుంచి షాపులకి పోతుంది. లారీలో, డిపోలో ఏమైందో మన చేతిలో లేదు. షాపులో ఏమైందో మాత్రం అడగొచ్చు.

అడిగే పద్ధతి ఉంది. “ఫ్రెష్‌గా ఉందా” అంటే ప్రపంచంలో ఏ షాపతనైనా ఉందనే అంటాడు. మాట ఇలా నడుస్తుంది:

“బాబాయ్, ఈ టిన్ను ఫ్రిజ్‌లో ఎప్పుడు పెట్టారు?”

“పొద్దున్నే పెట్టాం. పట్టుకుని చూడండి, కూలింగ్ ఎలా ఉందో!”

“మరి అంతకుముందు ఎక్కడుంది?”

“వెనక కేసుల్లో.”

“కేసు ఎప్పుడొచ్చింది?”

“అబ్బో, చాన్నాళ్లయింది. ఎవరూ అడగరుగా ఇది.”

అయిపోయింది, మీక్కావలసిన సంగతంతా వచ్చేసింది. ఈ రోజు కూలింగ్ గట్టిగా ఉన్నంత మాత్రాన గడిచిన నెల వెనక్కి రాదు. ఎవరూ అడగరు అన్న మాట ముఖ్యంగా పట్టుకోండి. ఒక బ్రాండు ఎంత అరుదుగా అమ్ముడుపోతుందో అంత ఎక్కువ కాలం షెల్ఫు మీద ఉన్నట్టు. అరుదైనది దొరికిందని మురిసిపోయే ముందు అది అక్కడ ఎందుకు మిగిలిందో ఆలోచించండి.

రద్దీగా ఉండే షాపునే ఎంచుకోండి. బెంజ్ సర్కిల్ వైపో, గుంటూరు బ్రాడీపేట వైపో, ఎక్కడైనా సరే, మీరు తాగే రకం వారానికో కేసు పోయే షాపు ఒకటి పట్టుకుని, కొత్త స్టాకు దిగినప్పుడు ఫోన్ చేయమని చెప్పండి. నలుగురు స్నేహితులు కలిసి ఒక కేసు చెప్పి ఉంచితే ఇంకా మంచిది. కేసు డిపో నుంచి వచ్చిన రోజే నాలుగు ఫ్రిజ్‌లలోకి వెళ్లిపోతుంది. షాపతనికీ సంతోషమే, మిగులుతుందన్న టెన్షన్ ఉండదు.

ఫ్రిజ్‌లోంచి తీసుకునేటప్పుడు ముందు వరసా వెనక వరసా రెండూ చూడండి. కొన్నిచోట్ల కొత్తవి ముందు పేర్చేస్తారు, కొన్నిచోట్ల పాతవి ముందుకి తోస్తారు. రెండు టిన్నులు తిప్పి చూడడానికి పావు నిమిషం పడుతుంది. వెనక జనం విసుక్కున్నా పట్టించుకోవద్దు.

ఇంటికి తెచ్చాక

షాపు నుంచి పటమట దాకా బండి మీద పావుగంట ప్రయాణానికి ఏమీ కాదు, గుడ్డ సంచిలో వేసుకుంటే చాలు. ప్రమాదమల్లా కారు డిక్కీయే. బందరు రోడ్డులో కారు ఎండలో ఆపి, బట్టల షాపులో మూడు గంటలు గడిపి వస్తే లోపల 50 డిగ్రీలు దాటి ఉంటుంది. బీరు చివరగా కొనండి.

ఫ్రిజ్‌లో కింది అరలో, వెనక గోడ వైపు, నిలబెట్టి ఉంచండి. తలుపు అరలో వద్దు. ఇంట్లో ఎవరు ఫ్రిజ్ తెరిచినా ముందు వెచ్చని గాలి తగిలేది దానికే. కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకపోతే రెండు మూడు గంటలకి ఏమీ కాదు. ఇంట్లో పాలూ పెరుగూ పెట్టుకునే ఫ్రిజ్‌లో టిన్నులకి చోటు సంపాదించడం ఒక్కొక్కరి ఇంటి రాజకీయం, అందులో నేను తలదూర్చను.

ఒకసారి చల్లబడిన బీరు మళ్లీ వెచ్చబడితే పాడైపోతుందని గట్టిగా నమ్మేవాళ్లున్నారు. అందులో నిజం లేదు. చల్లబడడం, వెచ్చబడడం వల్ల ప్రత్యేకంగా జరిగే నష్టమేమీ లేదు. వెచ్చగా ఉన్న గంటలు ఎన్నో, అదొక్కటే లెక్క. ఒక సాయంత్రం బయటుండిపోయిన టిన్నుని మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టుకోండి, దర్జాగా తాగండి.

ఫ్రీజర్‌లో మాత్రం పెట్టి మర్చిపోవద్దు. 5 శాతం బీరు సున్నాకి రెండు మూడు డిగ్రీలు కిందికి పోగానే గడ్డకట్టడం మొదలవుతుంది. టిన్ను ఉబ్బుతుంది, సీసా పగులుతుంది. తొందరగా చల్లబడాలంటే బకెట్లో ఐసు, మునిగేంత నీళ్లు, రెండు గుప్పిళ్ల రాళ్లుప్పు వేసి టిన్ను అందులో ముంచండి. పావుగంటలో తయారు. ఉత్తి ఐసు కన్నా ఉప్పు నీళ్లే త్వరగా చల్లబరుస్తాయి.

ఇంకో సంగతి. లాగర్‌ని పళ్లు జివ్వుమనేంత చల్లగా తాగినా ఫర్వాలేదు గానీ, ఐపీఏ అంత చలిలో నోరు విప్పదు. ఫ్రిజ్‌లోంచి తీసి గ్లాసులో పోసి కాసేపు ఆగండి. 7 నుంచి 10 డిగ్రీల మధ్య వాసన బాగా తెలుస్తుంది. మన ఊళ్లో అందుకు అయిదు నిమిషాలు చాలు.

వెలుతురు సంగతి

హాప్స్ చేదుకి, బీరులో సహజంగా ఉండే బి2 విటమిన్‌కి ఎండ తగిలితే 3-మిథైల్-2-బ్యూటీన్-1-థయాల్ అనే గంధకపు పదార్థం పుడుతుంది. లక్ష కోట్ల పాళ్లలో కొద్ది పాళ్లున్నా ముక్కు పట్టేస్తుంది. కాలిన రబ్బరు, మురిగిన వెల్లుల్లి కలిసిన వాసన అది. దీనికి నెలలు అక్కర్లేదు, నేరుగా ఎండ పడితే నిమిషాలు చాలు. గోధుమరంగు సీసా చాలావరకు ఆపుతుంది. ఆకుపచ్చ సీసా, తెల్ల సీసా దాదాపు ఏమీ ఆపవు. టిన్నుకి ఈ బాధే లేదు. అందుకే రెండూ దొరికితే టిన్నే తీసుకోండి. గాజు తలుపు ఫ్రిజ్‌లో ట్యూబులైటు కింద వారాలపాటు మెరుస్తున్న ఆకుపచ్చ సీసా ఎంత అందంగా ఉన్నా వద్దు. డాబా మీద సాయంత్రపు ఎండలో గ్లాసు పెట్టుకుని కబుర్లు చెబుతూ కూర్చున్నా ఇదే జరుగుతుంది, నీడలోకి జరగండి.

మీ ముక్కుకి శిక్షణ

ఇదంతా నమ్మకం మీద వదిలేయకండి, ఇంట్లోనే చూడండి. ఒకే డేటున్న టిన్నులు రెండు కొనండి. ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి బీరువా మీద. ఏప్రిల్‌లో అయితే మూడు వారాలు చాలు. తాగే ముందు రోజు రెండోదాన్ని కూడా ఫ్రిజ్‌లో పెట్టి రెండూ ఒకే చల్లదనానికి తెండి. మీరు పక్క గదిలోకి వెళ్లండి, ఇంకెవరినైనా మూడు ఒకేరకం గ్లాసుల్లో పోయమనండి. రెండింటిలో ఒక టిన్నుది, మూడోదానిలో రెండో టిన్నుది. వేరుగా ఉన్న గ్లాసు ఏదో మీరు పట్టుకోవాలి.

ముందు వెలుతురుకి ఎత్తి రంగు చూడండి. హేజీ అయితే తేడా ఇక్కడే దొరికిపోతుంది. తాజాది లేత పసుపు, ముసలిది మట్టిరంగుకి తిరిగి ఉంటుంది. తర్వాత తాగకుండా వాసన ఒక్కటే చూడండి. తాజా గ్లాసులోంచి పంపరపనస తొక్క, మామిడి, జిగురు కారే దేవదారు చెక్క, ఏదో ఒకటి మీదికి దూకుతుంది. ముసలి గ్లాసులో ముక్కు పెట్టి వెతుక్కోవాలి. దొరికేది తేనె, ఉడికిన బెల్లం, తడిసిన అట్టపెట్టె. అట్ట వాసన వచ్చిందంటే ఆక్సిజన్ తన పని ముగించినట్టే. చివరగా ఒక గుక్క తాగి, మింగాక ఏం మిగిలిందో గమనించండి. తాజాదాని చేదు శుభ్రంగా వచ్చి వెళ్లిపోతుంది, పాతదాని చేదు నాలుక వెనక మొరటుగా పట్టుకుని కూర్చుంటుంది.

పరీక్ష అయ్యేదాకా గుంటూరు కారం వేసిన కోడివేపుడు దగ్గర పెట్టుకోవద్దు. బీరులోని గ్యాసూ చేదూ కారాన్ని ఇంకా ఎగదోస్తాయి, ఆ తర్వాత మూడు గ్లాసులూ ఒకటే అవుతాయి. పల్లీలు చాలు.

మూడు గ్లాసుల మధ్య తేడా దొరకలేదా? మంచిదే. మీ నాలుకకి 6 నెలల గడువే సరిపోతుంది, హాయిగా ఉండండి.

హైదరాబాదు, బెంగళూరు వెళ్లినప్పుడు

అక్కడి మైక్రోబ్రూవరీల్లో ట్యాంకు నుంచి నేరుగా గ్లాసులోకి వచ్చే ఐపీఏని అక్కడే తాగి రావడం ఉత్తమం. హాప్స్ బీరు అసలు రుచి తెలియాలంటే అదే కొలమానం. ఆ ఊళ్లో సీసాలో నింపి పార్సిల్ ఇస్తుంటే, కుళాయి కింద పట్టిన సీసాలోకి గాలి కూడా చేరుతుందని గుర్తుంచుకోండి. చల్లగా ఉంచినా రెండు మూడు రోజులే, మూత తీశాక ఆ రాత్రికే.

టిన్నులు ఇంటికి తేవాలంటే ముందు ఎక్సైజ్ నిబంధనలు కనుక్కోండి. పక్క రాష్ట్రం సరుకు మీద ఆంక్షలున్నాయి, హైదరాబాదు దారిలో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర బండి ఆపి చూస్తారు.

అప్పటికే పాతబడిపోతే

భయపడాల్సిందేమీ లేదు. ఆల్కహాల్, పులుపు, హాప్స్ మూడూ ఉన్నచోట జబ్బు చేసే క్రిములు బతకవు. గడువు కాస్త దాటిన టిన్ను తాగితే నోరు చప్పబడుతుంది తప్ప కడుపు చెడదు. టిన్ను ఉబ్బినా, మూత దగ్గర కారినా మాత్రం పారబోయండి.

తాగబుద్ధి కాకపోతే వంటకి వాడొచ్చు. కూరలో పోసి మరిగించొద్దు, నీరు ఇగిరేకొద్దీ చేదు చిక్కబడుతుంది. మిరపకాయ బజ్జీల పిండికి బాగా పనికొస్తుంది. శనగపిండిలో కొంచెం బియ్యప్పిండి, ఉప్పు, వాము వేసి, నీళ్ల బదులు ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన బీరు పోస్తూ జారుగా కలపండి. వంటసోడా అక్కర్లేదు, ఆ పని గ్యాసే చేస్తుంది. నూనె కాగాకే టిన్ను తెరవండి, పిండి కలిపి పక్కన పెడితే గ్యాసంతా పోతుంది.